ఫొటోలోంచి నేను కోసేసిన మనుషులు

మీరు అడిగింది ఒకటి, నేను రాస్తున్నది ఇంకొకటి. జిల్లాలో కెమెరాలు పట్టుకుని తిరుగుతున్న పిల్లలంతా కలిసి చిన్న పుస్తకం వేస్తున్నామని, అందులో ‘నాకు పేరు తెచ్చిన ఫొటో’ అని నాలుగు పేజీలు రాసిమ్మని మీరు అడగ్గానే ఒప్పేసుకున్నాను. సంతోషం పట్టలేక కాఫీలు కూడా తెప్పించాను. మీరు వెళ్ళిపోయాక కాగితాలు ముందేసుకుని మూడు వారాలు కూర్చున్నా ఒక్క ముక్క పడలేదు. ఆ ఫొటో నాకు పేరు తెచ్చిన మాట నిజమే. ఇంకొకాయన పేరు పోగొట్టి నాకు తెచ్చింది. ఆ సంగతి దాచి రాయాలంటే ఈసారి చెయ్యి కదల్లేదు.

ఫొటో మీ అందరికీ తెలుసు. ఫోన్‌లో కేజీఎఫ్ బంగారం అని కొడితే మొదటి వరసలోనే వస్తుంది. గని గేటు ముందు ఒక మనిషి రెండు చేతులూ పైకెత్తి, తల వంచుకుని నిలబడి ఉంటాడు. ఖాకీ బట్టల కావలివాడు ఆయన నడుము తడుముతుంటాడు. కింద ‘బంగారంతో పట్టుబడిన కార్మికుడు’ అని ఉంటుంది. మీలో ఒకరు దాన్ని చూసే ఈ పనిలోకి వచ్చానన్నారు. ఆ మాటకు నేను తల ఊపి నవ్వాను కూడా.

నాది బైరకూరు దగ్గర పల్లె. రాగులూ ఆవులూ తప్ప ఇంకేమీ తెలియని ఇల్లు మాది. అక్కడినుంచి వచ్చి, బెంగళూరులో అచ్చయ్యే ఒక తెలుగు దినపత్రికకు కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో ఫొటోలు తీసేవాణ్ణి. ఒక గది, అందులోనే సగం గుడ్డ అడ్డం కట్టి డార్క్‌రూమ్. తీసింది కడిగి, ప్రింటు వేసి, కవరులో పెట్టి సాయంత్రం బస్సు డ్రైవరు చేతికిస్తే, బెంగళూరు బస్టాండులో ఆఫీసు మనిషి అందుకునేవాడు. ఆరేళ్ళుగా పంపుతున్నా నా ఫొటో ఒక్కసారి కూడా మొదటి పేజీలో పడలేదు. నాకప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళు. మొదటి పేజీ తప్ప వేరే ధ్యాస లేదు.

ఆదివారం ప్రత్యేక పేజీకి గని మనుషుల జీవితం మీద ఫొటోలు కావాలంటే, ఒక రోజుకు అనుమతి తీసుకుని వెళ్ళాను. అక్కడొక ఆనవాయితీ ఉండేది. షిఫ్టు అయిపోయి కేజు అనే గని లిఫ్టులో పైకొచ్చిన ప్రతి మనిషినీ గేటు దాటేముందు సోదా చేసేవాళ్ళు. అనుమానం ఉన్నా లేకున్నా, ముప్ఫై ఏళ్ళు పనిచేసినవాడైనా నిన్న చేరినవాడైనా, రోజూ చేతులెత్తి నిలబడాల్సిందే. అది ఎంత అలవాటైపోయిందంటే, చేతులెత్తుకునే ఇంట్లో ఈరోజు కూరేమిటో చెప్పుకునేవాళ్ళు.

మధ్యాహ్నం షిఫ్టు దిగింది. ఎండ ఏటవాలుగా గేటు మీద పడుతోంది. సోదా అయిపోయి క్యారేజి చేతపట్టుకుని వెళ్ళిపోతున్న ఒకాయన మొహం నాకు నచ్చింది. నలభై దాటిన మనిషి, డ్రిల్లింగు పని, కనురెప్పల మీద కూడా తెల్లటి దుమ్ము. ఒక్క నిమిషం అన్నా అని పిలిచి, మళ్ళీ వచ్చి చేతులెత్తమని అడిగాను.

“నాది అయిపోయింది కదప్పా,” అన్నాడాయన.

ఫొటో కోసం అన్నాను. క్యారేజి కింద పెట్టి వెనక్కి వచ్చాడు. కావలివాడికి తమాషాగా ఉంది. వెనక లైనులో నిలబడ్డవాళ్ళకు ఇంకా తమాషా. ‘నీకొక్కడికే రెండుసార్లా, యాడ దాచినావో చెప్పేయప్పా’ అని ఒకడు ఎగతాళి చేశాడు. ఆ మాటకు లైనంతా గొల్లుమంది. ఆయన్ని ఏడిపించడానికి తమ వంతు రాకుండానే అందరూ రెండేసి చేతులు పైకెత్తేశారు. ఆయనకూ నవ్వాగలేదు. నవ్వద్దన్నా, కొంచెం తల దించు, ఎండ కళ్ళల్లో పడుతోంది అన్నాను. పేపరాయన చెప్పాడు కదా అని ఆయన నవ్వు ఆపుకుని తల దించాడు. నేను నొక్కాను.

అంటే మీరు చూస్తున్న ఆ సిగ్గుతో వంగిన తల నేను వంచమంటే వంగిన తల. అప్పటికే సోదా అయిపోయి, ఏమీ లేదని తేలి, ఇంటికి పోతున్న మనిషిది.

ఆ రోజే సాయంత్రం గదిలో ప్రింటు ఆరబెడుతుంటే బెంగళూరు నుంచి ఫోను. గనుల్లో బంగారం దొంగతనాల మీద మొదటి పేజీలో పెద్ద కథనం వేస్తున్నామని, ఫొటో ఏదైనా ఉందా అని డెస్క్ ఇన్‌చార్జి అడిగాడు. లేదని ఉంటే అంతటితో పోయేది. ఉంది సార్ అన్నాను. ఫోను పెట్టేసి ప్రింటు చూసుకుంటే, ముందు ఆయన తల వంచుకుని ఉన్నాడు, వెనక మనుషులంతా చేతులెత్తి పళ్ళికిలించి నవ్వుతున్నారు. దొంగతనం కథనానికి ఆ నవ్వు పనికిరాదు. కత్తెర తీసుకుని ఎడమపక్క అంతా కోసేశాను. ఆ ముక్క బుట్టలో పడింది. మిగిలిన దాని వెనక ‘గని గేటు దగ్గర సోదా’ అని చీటీ అంటించి బస్సుకిచ్చాను.

‘పట్టుబడిన కార్మికుడు’ అన్నది డెస్క్‌లో ఎవరో రాసిన మాట. ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్న ఓదార్పు అదే. కానీ ఏ కథనానికి పోతోందో తెలిసి కోసింది నేను. వాళ్ళు నా కత్తెర చెప్పిందే అచ్చేశారు.

పొద్దున టీ అంగడి దగ్గర అందరూ భుజం తట్టారు. నా పేరు మొదటి పేజీలో ఫొటో పక్కన ఉంది. కింద ‘పట్టుబడిన’ అన్న మాట చూసి గుండె జల్లుమంది, అబద్ధం చెప్పను. ఆ జల్లు రెండో టీ తాగేలోపు పోయింది.

నాలుగు రోజులకు ఆదివారం ఆయన నా గదికొచ్చాడు. స్నానం చేసి, తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. చేతిలో పేపరు మడత. కూర్చోమంటే కూర్చోలేదు. కంపెనీలో విచారణకు పిలిచారట. కావలివాడు ఉన్నది ఉన్నట్టు చెప్పడంతో పూటలోనే వదిలేశారట. ఉద్యోగానికి ఏమీ కాలేదు. కానీ పేపరు పలమనేరు పక్కన ఆయన అత్తగారి ఊరికి పోయింది. మామగారు బస్సెక్కి వచ్చి, కూతుర్ని పక్కకు పిలిచి అడిగాడట.

“రెండే రెండు మాటలు వేయప్పా, నేను దొంగను కాదని. యాడో ఒక మూల అయినా సరే,” అన్నాడు.

వేయిస్తానన్నా అని మాటిచ్చాను. ఆ సాయంత్రమే ఇన్‌చార్జికి ఫోను చేశాను కూడా. ఆయన మంచివాడే. సవరణ వేస్తే ఆ ఫొటో ఇంక ఎందుకూ పనికిరాదు, రాష్ట్రస్థాయి పోటీకి పంపుదామనుకుంటున్నాం, తర్వాత నీ ఇష్టం అన్నాడు. నా ఇష్టమే అడిగాడు. సరే సార్ చూద్దాం అని పెట్టేశాను. ఆ చూడ్డం ఇంక జరగలేదు. పోటీలో బహుమతి వచ్చింది. సన్మానం రోజు నేను కొత్త ప్యాంటు కుట్టించుకున్నాను.

ఆయన మళ్ళీ రాలేదు. నాలాంటివాళ్ళు ఎదుటివాడు రాకపోతే మరిచిపోయాడని అనుకుంటారు, అదొక సౌకర్యం. ఆయన వరసగా చాలా ఆదివారాలు పేపరు కొని, చివరి పేజీ దాకా పక్కింటివాళ్ళతో చదివించుకునేవాడని నాకు ముప్ఫై ఏళ్ళు దాటాక తెలిసింది.

ఫొటోకు మాత్రం తీరిక లేకుండా పోయింది. గనుల్లో ఏం జరిగినా అదే. గనులు మూతపడినప్పుడు అదే, మూతపడి ఐదేళ్ళయినప్పుడు, పదేళ్ళయినప్పుడు అదే. టీవీలు వచ్చాక దాన్ని దగ్గరికి లాగి, ఎర్ర గీత చుట్టి, వెనక ఢమఢమ చప్పుడు వేశారు. కేజీఎఫ్ పేరుతో సినిమా గాలి వీచాక ఇంక అడక్కండి. తుపాకులు, బంగారు ఇటుకలు, వాటి మధ్యలో ఆయన వంచిన తల. ఇప్పుడు దేశంలో ఏ మూల కేజీఎఫ్ అన్నా జనానికి గుర్తొచ్చేది దొంగలూ రౌడీలే. రెండు మైళ్ళు కిందికి దిగి, ఆ వేడిలో రాయి తొలిచి, ఊపిరితిత్తుల నిండా దుమ్ముతో పైకొచ్చినవాళ్ళు ఎవరికీ గుర్తుకు రారు. చూడనిది గుర్తుండదు కదా, జనానికి చూపించింది ఈ ఫొటో. ఢిల్లీ నుంచి వచ్చిన టీవీవాళ్ళు దొంగతనాలు ఎలా జరిగేవని నన్నడిగితే, గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బల ముందు నిలబడి అరగంట చెప్పాను. నేను గనిలోకి దిగింది మొత్తం మీద ఒక్కసారి.

పోయినేడు కేజీఎఫ్‌లోనే ఊరిగాంలో ఒక బడి గోడ మీద ఊరి చరిత్రను బొమ్మలుగా వేయిస్తున్నామని కొందరు పెద్దలు వచ్చారు. నా ఫొటోను కూడా గోడకెక్కిస్తున్నారట. ప్రారంభానికి నేనే ముఖ్య అతిథి. చాలా పొంగిపోయాను.

ఆ తర్వాత వారానికి ఒకమ్మాయి మా ఇంటికి వచ్చింది. కోలారు పక్కన నరసాపురంలో బండ్ల ఫ్యాక్టరీలో పనిచేస్తుందట. షిఫ్టు దిగి కంపెనీ బస్సులోంచి నేరుగా వచ్చినట్టుంది, యూనిఫాం కూడా మార్చుకోలేదు. తాను ఆ ఫొటోలో ఉన్నాయన మనవరాలినని చెప్పింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె ఇంకేమీ అనకముందే నేను అది డెస్క్‌వాళ్ళ తప్పమ్మా అన్నాను.

ఆమె తప్పుల సంగతి ఎత్తలేదు. తాత రోజూ పాలకు ఆ బడి వీధిలోనే పోయేవాడట. ఉన్నట్టుండి చుట్టూ తిరిగి పోవడం మొదలుపెట్టాడు. రెండడుగులు వేస్తే ఆయాసం వచ్చే మనిషి ఎందుకిట్లా తిరుగుతున్నాడని వెంటపడి అడిగితే, గోడ మీద నన్ను గీస్తా ఉండారమ్మా అన్నాడట. అప్పటిదాకా ఆమెకు ఈ సంగతే తెలియదు. ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

“ఆ ఫొటో నాకు ఫోన్‌లో ఎన్నోసార్లు వచ్చింది సార్. ఎవురో తెలీక నేనూ నలుగురికి పంపించినాను, నవ్వుకుంటా,” అంది.

ఆమె అడగడానికి వచ్చింది ఒక్కటే. వెనక అందరూ చేతులెత్తి నవ్వుతా ఉన్నారని తాత చెబుతాడట, ఎవరూ నమ్మలేదట. అవ్వ నమ్మినానని అనింది గానీ, నమ్మలేదని తాతకు తెలుసట. అవ్వ పోయి ఎనిమిదేళ్ళయింది. పూర్తి ఫొటో మీ దగ్గర ఉంటే ఇవ్వండి సార్, గోడ మీద గీసేవాళ్ళకు చూపించుకుంటాము అంది.

నా నెగటివులన్నీ మంచం కింద రేకు పెట్టెలో ఉన్నాయి. ఆమె కూర్చున్న కుర్చీకి అది నాలుగడుగుల దూరం. పూర్తి ఫొటో బయటికొస్తే బహుమతి ఫొటో కోసి పంపిందని అందరికీ తెలుస్తుంది. వచ్చే వారం శాలువా. ఒక వానాకాలం గదిలోకి నీళ్ళొచ్చి నెగటివులన్నీ పాడైపోయాయమ్మా అన్నాను. అరవై ఐదేళ్ళ మనిషిని, మనవరాలి వయసు పిల్ల కళ్ళల్లోకి చూసి చెప్పాను. ఆమె నమ్మింది. పోనీలెండి సార్, పాపం మీకూ ఎంత నష్టమో అని కూడా అంది.

ప్రారంభం రోజు గోడ కళకళలాడుతోంది. గనిలోకి దిగే షాఫ్టు బొమ్మ, కేజు బొమ్మ, తర్వాత ఆయన, ఆయన పక్కనే తుపాకీ పట్టుకున్న సినిమా మనిషి. ఒక్కో బొమ్మ గురించి ఒక్కో బడిపిల్ల కంఠతా పట్టి చెబుతోంది. ఆయన బొమ్మ దగ్గర నిలబడ్డ పాప ముద్దుగా ‘ఇతను బంగారం దొంగ, మన ఊరి చరిత్రలో దొంగతనం ఒక భాగం’ అని చెప్పి అందరికీ దండం పెట్టింది. తప్పు ఆ పాపది కాదు, నేర్పిన టీచరుదీ కాదు. ఆ టీచరు నా ఫొటో చూసే పెరిగింది.

వేదిక మీద కూర్చున్నాక చూశాను. చివరి వరసలో ఆ అమ్మాయి, పక్కన ఆయన. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి, ఉతికిన చొక్కా, దువ్విన తల. నాకు మైకు ఇచ్చారు. చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. ఊరంతా అక్కడే ఉంది, గోడ అక్కడే ఉంది, ఆయనా అక్కడే ఉన్నాడు. ‘ఈయన దొంగ కాదు, నేను పిలిచి నిలబెట్టాను’ అంటే సరిపోతుంది. నేను ఎండ గురించి మాట్లాడాను. ఏటవాలు వెలుతురు గురించి, ఆ కాలంలో రీలు దాచుకుని వాడుకోవడం గురించి, ఓపిక గురించి మాట్లాడాను. శాలువా కప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన కూడా కొట్టాడు. నలుగురితో పాటు కూర్చున్నప్పుడు కొట్టకపోతే బాగుండదని కొట్టాడు, నాకది కనబడింది. తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి. భోజనాలకు ఉండకుండా తేలు కుట్టిన దొంగలా ఇంటికొచ్చేశాను.

పెట్టె తీయడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. నెగటివు కిటికీ వెలుతురుకు పట్టుకుంటే ఒక్క గీత కూడా పడలేదు. కోలారులో ఒక స్టూడియోలో పెద్ద ప్రింటు వేయించుకుని ఊరిగాంకు పోయాను. పాత కంపెనీ ఇళ్ళ వరసలో రేకుల ఇల్లు. మధ్యాహ్నం వేళ ఆయన గుమ్మం ముందు నులక మంచం మీద కూర్చుని ఊపిరి తీసుకుంటున్నాడు. ఆ రోజు వారపు సెలవేమో, మనవరాలు ఇంట్లోనే ఉంది. ప్రింటు చూడగానే ఆమె, “నీళ్ళల్లో పోయిందన్నారు కదా సార్,” అంది.

“అబద్ధం చెప్పినానమ్మా,” అన్నాను.

ఆమె లోపలికి పోయి కాఫీ తెచ్చి ఇచ్చింది. ఇవ్వకపోయినా బాగుండేది.

ఆయన ప్రింటు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూశాడు. తన బొమ్మ దగ్గర చూపు ఆగలేదు. వేలు ఎడమపక్కకు పోయి, లైను వెంబడి ఒక్కొక్కరి మొహం మీద ఆగుతూ కదిలింది. ఆగిన ప్రతిచోటా ఒక పేరు చెప్పాడు. ఆ పేర్లు ఇక్కడ రాయను, వాళ్ళ ఇళ్ళవాళ్ళను అడక్కుండా రాసి ఇంకొక తప్పు చేయను. ఈయన పై ఏడే గని లోపల రాయి పగిలి మీద పడి పోయినాడు అన్నాడు. వీడు దుమ్ము జబ్బుతో పోయినాడు. వీళ్ళిద్దరూ గనులు మూసినాక పని లేక యాడికో పోయినారు, మళ్ళీ కనబళ్ళేదు. ఎగతాళి చేసింది ఇదో వీడే అన్నప్పుడు మాత్రం ఆయనకు నవ్వొచ్చింది, నవ్వు వెంటనే దగ్గు వచ్చింది. మనవరాలు వీపు నిమిరింది.

వేలు చివరి మనిషి దాకా పోయింది. మొత్తం పదకొండు మంది. ముప్ఫై ఆరేళ్ళు ఆ ఫొటో నాదని చెప్పుకుని తిరిగాను. అందులో ఎంతమంది ఉన్నారో ఆ రోజే మొదటిసారి తెలిసింది.

నన్ను క్షమించన్నా, నిన్ను దొంగను చేసినాను అన్నాను.

“నా సంగతి ఉండనీప్పా. నేను ఇంగా బతికే ఉండాను, కాదని నా నోటితో చెప్పుకుంటాను,” అన్నాడాయన. మళ్ళీ లైను మీదికి వేలు పెట్టి, “వీళ్ళ నవ్వు యాడ పెట్టినావప్పా ఇన్నేండ్లు?” అని అడిగాడు.

“పెట్టెలో,” అన్నాను. ఉన్న జవాబు అదొక్కటే.

ఆయన తల ఊపాడు. రాయి పగిలి పోయినాయన ఇంట్లో ఆయన ఫొటోనే లేదట. దినానికి కూడా బొమ్మ లేకుండా హెల్మెట్ పెట్టి పూలు వేశారట. ఆ ఇంటికొకటి ఇయ్యప్పా, నవ్వుతా ఉండాడు కదా అన్నాడు. ఇచ్చాను. అడ్రసులు దొరికిన ఏడిళ్ళకు ఇచ్చాను. ఏ ఇంట్లోనూ నన్ను తిట్టలేదు. ఒక ఇంట్లో, లైనులో నిలబడ్డ ఒకాయన భార్య, ముసలామె, ఈయనకు పైపళ్ళలో సందు ఉండాదని నేను మరిచేపోయినాను అని ఆ ఫొటో మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

పత్రికకు ఉత్తరం రాశాను. నేను పనిచేసినప్పటివాళ్ళు ఎవరూ లేరు. కుర్రాడెవరో ఎంతో మర్యాదగా జవాబిచ్చాడు. అది చారిత్రక ఛాయాచిత్రమట, చరిత్రను ఇప్పుడు మార్చడం పద్ధతి కాదట. నేను కత్తెరతో ఒక సాయంత్రం చేసిన చరిత్ర అది. బడివాళ్ళు మాత్రం ‘దొంగ’ అన్న మాట చెరిపేశారు. లైనంతా గీయమని అడిగితే గోడ మీద జాగా లేదన్నారు. నిజమే, ఎడమపక్క షాఫ్టు ఉంది, కుడిపక్క తుపాకీ మనిషి ఉన్నాడు. ఆ మనిషిని తీసేయండని అడిగాను. పిల్లలు సెల్ఫీలు తీసుకునేది అక్కడేనన్నారు.

అందుకే ఈ రాతతో పాటు ఫొటో పంపుతున్నాను. అందులో పన్నెండు మంది గని మనుషులు, ఒక కావలివాడు ఉన్నారు. ఒకాయన నేను చెప్పబట్టి తల వంచుకున్నాడు, మిగతా పదకొండు మంది ఆయన్ని చూసి నవ్వుతున్నారు. మీ పుస్తకం చిన్నదని చెప్పారు. పేజీలో చోటు చాలకపోతే నా రాత ఎక్కడ కోయాలో అక్కడ కోయండి. ఫొటో మాత్రం కోయొద్దు.